ఏఐ చదువుకు ఏ ల్యాప్‌టాప్ కొనాలి? కొనే ముందు ఒక్క మాట



ఈ ఏడాది పేరెంట్స్ మీటింగుల్లో కంప్యూటర్ టీచర్‌గా నన్ను ఎక్కువమంది అడిగింది మార్కుల గురించి కాదు. "సార్, మా బాబు ఏఐ నేర్చుకుంటానంటున్నాడు, ఏ ల్యాప్‌టాప్ కొనమంటారు?" అని. ఒకరిద్దరు షాపులో రాయించుకొచ్చిన కొటేషన్ కూడా చూపించారు. లక్షన్నర. అంత ధర గ్రాఫిక్స్ కార్డు వల్ల. షిఫ్టు డ్యూటీలు చేస్తూ, ఇప్పటికే ఫీజులు కడుతున్న ఇంట్లో లక్షన్నర అంటే చిన్న మాట కాదు. అందుకే ఆ ప్రశ్నకు ఇక్కడ కాస్త వివరంగా జవాబు చెబుతున్నాను.

జవాబు ముందే చెప్పేస్తాను: ఇప్పుడే కొనకండి. ఏఐ పరిశోధనకు కావలసిన పెద్ద కంప్యూటర్లను పెద్ద పెద్ద సంస్థలు కూడా చాలావరకు పంచుకునే వాడుకుంటాయి. మీ పిల్లలు నేర్చుకోవలసింది ఆ యంత్రాన్ని సొంతం చేసుకోవడం కాదు. దాని మీద కొన్ని గంటల సమయం ఎలా అడగాలో, దొరికిన గంటలను ఎలా వాడుకోవాలో నేర్చుకోవాలి.

పటాన్‌చెరు, పాశమైలారం వైపు ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడిపేవారికి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. బరువైన ట్యాంకు లేపాలంటే ఎవరూ హైడ్రా క్రేన్ కొనరు, గంటల లెక్కన పిలిపిస్తారు. (వార్తల్లో వచ్చే హైడ్రా కాదు లెండి.) క్రేన్ వచ్చేసరికి ట్యాంకుకు గొలుసులు కట్టి, దారి ఖాళీ చేసి, మనుషులను సిద్ధంగా ఉంచుకుంటారు. లేకపోతే క్రేన్ ఊరికే నిలబడి ఉంటుంది, బిల్లు మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఏఐ కంప్యూటర్ సంగతీ అచ్చం ఇంతే.

ఆ యంత్రం ఎందుకంత ఖరీదు? మామూలు కంప్యూటర్ ప్రాసెసర్ ఒక మంచి మేస్త్రీ లాంటిది. ఎంత క్లిష్టమైన పనైనా చేస్తుంది, కానీ ఒకదాని తర్వాత ఒకటి. గ్రాఫిక్స్ ప్రాసెసర్, అంటే జీపీయూ, వేలమంది హెల్పర్ల లాంటిది. ఒక్కొక్కరికీ వచ్చింది చిన్న గుణకారమే, కానీ అందరూ ఒకేసారి చేస్తారు. ఏఐ మోడల్‌కు శిక్షణ ఇవ్వడమంటే లోపల జరిగేది కోట్లాది చిన్న గుణకారాలు కాబట్టి హెల్పర్ల గుంపే కావాలి. పరిశోధన స్థాయి జీపీయూ ఒక్కొక్కటి లక్షల్లోనే ఉంటుంది. ఎన్‌విడియా హెచ్100 రకంలో పెద్దది 700 వాట్ల దాకా కరెంటు తాగుతుంది. ఇంట్లో మిక్సీ రాత్రింబవళ్లు ఆగకుండా తిరిగినట్టు అనుకోండి.

మన దగ్గరే ఉన్న పెద్ద యంత్రం

ముంబై హైవే మీద సంగారెడ్డి వెళ్తుంటే కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ కనబడుతుంది. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో మొదలైన సంస్థ అది. దేశంలో ఏఐలో బీటెక్ డిగ్రీ మొదట పెట్టింది అక్కడే, 2019లో. ఎన్‌విడియా ఏఐ టెక్నాలజీ సెంటర్ మన దేశంలో మొదటిది 2020లో వచ్చిందీ అక్కడే. నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద పెట్టిన 'పరమ్ సేవ' అనే సూపర్‌కంప్యూటర్ కూడా ఆ క్యాంపస్‌లోనే ఉంది. దాని శక్తి 838 టెరాఫ్లాప్స్. ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు.

అంత యంత్రమున్నా అక్కడి ప్రొఫెసర్ నేరుగా వెళ్లి దాని ముందు కూర్చోరు. తన పనిని ఒక చిన్న ఫైల్‌లో రాసి క్యూలో పెడతారు. ఎన్ని ప్రాసెసర్లు కావాలి, ఎన్ని జీపీయూలు కావాలి, ఎంతసేపు కావాలి, ఏ ప్రోగ్రాం నడపాలి అన్నది అందులో ఉంటుంది. క్యూను స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఇక్కడొక తమాషా ఉంది. రెండు గంటల పనికి "ఎందుకైనా మంచిది" అని రెండు రోజులు అడిగితే అంత పెద్ద ఖాళీ దొరికేదాకా ఆగాల్సి వస్తుంది. రెండున్నర గంటలు అడిగినవారిని రెండు పెద్ద పనుల మధ్య దొరికిన సందులో పంపించేస్తారు. పోనీ ఒక్క గంటే అడుగుదామంటే, గంట నిండగానే పని సగంలో తెగిపోతుంది. కాబట్టి తన పని ఎంతసేపు పడుతుందో ముందే తెలిసినవారికే ఆ యంత్రం బాగా ఉపయోగపడుతుంది.

స్కూలు విద్యార్థికి అలాంటి యంత్రం మీద నేరుగా అకౌంటు రాదు. కాలేజీలో చేరాక, ఒక అధ్యాపకుడి ప్రాజెక్టు కింద పనిచేస్తుంటే ఆయన ద్వారా దారి దొరుకుతుంది. "ఐఐటీ సూపర్‌కంప్యూటర్ మీద శిక్షణ" అంటూ ఎనిమిదో తరగతి పిల్లలకు ఎవరైనా కోర్సు అమ్మితే, అకౌంటు ఎవరి పేరున ఉంటుందో అడగండి.

రెండో దారి కేంద్ర ప్రభుత్వానిది. 10,372 కోట్ల రూపాయల ఇండియా ఏఐ మిషన్‌కు 2024 మార్చిలో కేబినెట్ ఆమోదం వచ్చింది. 2025 మార్చిలో దాని కంప్యూట్ పోర్టల్ మొదలైంది. 10 వేల జీపీయూలు అనుకున్నది తర్వాత 38 వేలు దాటింది. ప్రభుత్వం వీటిని తానే కొని ఒకచోట పెట్టలేదు. ప్రైవేటు డేటా సెంటర్ల నుంచి గంటల లెక్కన తీసుకుని, అర్హులైన వారికి ఖర్చులో 40 శాతం దాకా తాను భరిస్తోంది. విద్యార్థులు, పరిశోధకులు, స్టార్టప్‌లు దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రభుత్వం చెబుతున్న సగటు ధర గంటకు సుమారు 65 రూపాయలు. ఈ లెక్కన ఆ ల్యాప్‌టాప్ లక్షన్నరతో రెండువేల మూడువందల గంటలు వస్తాయి. అదీ ల్యాప్‌టాప్‌లో ఉండే కార్డు కంటే ఎంతో పెద్ద యంత్రం మీద. మీ అబ్బాయి బీటెక్ మూడో ఏడాదికి వచ్చేసరికి కూడా అన్ని గంటలు అవసరం పడతాయని నేననుకోను.

స్కూలు వయసుకు ఉచితంగా దొరికేవి చాలు. గూగుల్ కొలాబ్‌లో మామూలు బ్రౌజర్‌లోనే, పాత ల్యాప్‌టాప్ మీద నుంచే జీపీయూ వాడుకోవచ్చు. ఉచితం కాబట్టి హామీ ఏమీ ఉండదు. రద్దీ ఉంటే దొరకదు, కాసేపు వదిలేస్తే తెగిపోతుంది, ఎలా చూసినా పన్నెండు గంటలు మించి నడవదు. తెగిపోయినప్పుడు అందులో ఉన్న ఫైళ్లూ పోతాయి, అందుకని మధ్యమధ్యలో డ్రైవ్‌లో సేవ్ చేసుకోవడం మొదటి రోజే నేర్పుతాం. కాగుల్ అనే ఇంకో సైట్‌లో ఫోన్ నంబరు వెరిఫై చేస్తే వారానికి సుమారు 30 గంటల జీపీయూ ఇస్తారు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు ఈ అకౌంట్లు మీకు తెలిసి, మీ అనుమతితోనే తెరవాలి.

అడిగే పద్ధతి

ఇక దరఖాస్తు. పోర్టల్ ఏదైనా, ప్రొఫెసర్ ఎవరైనా, చివరికి చూసేది ఒకటే: ఈ మనిషికి తనకేం కావాలో తెలుసా? "ఏఐ ప్రాజెక్టు చేస్తున్నాను, మంచి జీపీయూ ఇవ్వండి" అన్నది దరఖాస్తు కాదు. అది పెళ్లికి వంటమనిషిని పిలిచి ఎంతమంది వస్తారో చెప్పకపోవడం లాంటిది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తొమ్మిదో తరగతి అమ్మాయి టమాటా ఆకు ఫొటో చూసి తెగులు గుర్తుపట్టే ప్రోగ్రాం చేయాలనుకుంది. ముందు కొద్ది ఫొటోలతో కొలాబ్‌లో నడిపి చూస్తుంది. ఫొటోలన్నిటినీ ఒకసారి చుట్టి రావడానికి ఆరు నిమిషాలు పట్టిందనుకోండి. ఇరవై చుట్లు కావాలి, అంటే రెండు గంటలు. సెట్టింగులు మార్చి ఐదుసార్లు ప్రయత్నించాలి, పది గంటలు. పొరపాట్లకు ఇంకో ఐదు. "నాకు ఒక జీపీయూ మీద 15 గంటలు కావాలి, లెక్క ఇదీ" అని ఆ పాప రాస్తే, నేను ఆ కమిటీలో ఉంటే వెంటనే సంతకం పెడతాను. దానితోపాటు మూడు మాటలు కావాలి: ఫొటోలు ఎక్కడివి, వాటిని వాడుకునే అనుమతి ఉందా, ప్రోగ్రాం సరిగ్గా పనిచేసిందని ఎలా తేలుస్తావు.

ఈ మూడో ప్రశ్న దగ్గరే చాలామంది దెబ్బతింటారు. 'ప్లాంట్ విలేజ్' అనే పేరున్న ఫొటోల సేకరణ ఒకటి ఉంది. 14 పంటలవి, 54 వేలకు పైగా ఆకుల ఫొటోలు. 2016లో పరిశోధకులు వాటితో ప్రోగ్రాంకు శిక్షణ ఇస్తే, ఆ సేకరణలోంచే పక్కన పెట్టిన ఫొటోల మీద 99.35 శాతం సరిగ్గా చెప్పింది. అదే ప్రోగ్రాంకు వేరేచోట, వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు చూపిస్తే 31 శాతానికి పడిపోయింది. కారణం పెద్ద రహస్యమేం కాదు. ఆ సేకరణలో ఆకును కోసి, ఒకే రంగు నేపథ్యం మీద పెట్టి ఫొటో తీశారు. చేలో ఆకు మీద మట్టి ఉంటుంది, వెనక ఇంకో పది ఆకులుంటాయి, ఎండ ఒకవైపే పడుతుంది. ఎంత పెద్ద జీపీయూ ఇచ్చినా ఈ లోటు తీరదు. పైగా ఆ 14 పంటల్లో మన పత్తి లేదు, కంది లేదు. మన చేలల్లో పిల్లలు తీసే ఫొటోలకు విలువ ఉందని నేననడం అందుకే.

పటాన్‌చెరులోనే ఉన్న ఇక్రిశాట్ 2016లో చేసిన పని చూడండి. కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు విత్తనం ఎప్పుడు వేయాలో ఎస్సెమ్మెస్‌లో, తెలుగులో చెప్పారు. లెక్కలన్నీ నడిచింది మైక్రోసాఫ్ట్ క్లౌడ్ మీద, అంటే అద్దె కంప్యూటర్ల మీద. రైతు చేతిలో ఉండాల్సింది మామూలు ఫోన్ ఒక్కటే. దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని ఆ సంస్థలు ప్రకటించాయి. ఇందులో కంప్యూటర్ బయటిదే. ఏళ్ల తరబడి పోగేసిన వాన లెక్కలు, పంట మీద ఉన్న అవగాహన మాత్రం అద్దెకు దొరికేవి కావు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇది నా సొంత డబ్బుతో నేర్చుకున్నది. కొన్నేళ్ల కిందట ఒక కంపెనీ క్లౌడ్‌లో జీపీయూ మెషిన్ అద్దెకు తీసుకుని, పని అయ్యాక బ్రౌజర్ మూసేసి దసరాకు ఊరెళ్లాను. బ్రౌజర్ మూస్తే మెషిన్ ఆగదు. తిరిగొచ్చేసరికి కార్డు మీద ఇరవై మూడు వేలు పడింది. తప్పు నాదే, ఆపే బటన్ వేరే ఉంది. మా ఆవిడ ఇప్పటికీ ప్రతి దసరాకూ గుర్తుచేస్తుంది. కాబట్టి పిల్లల క్లౌడ్ అకౌంటుకు మీ క్రెడిట్ కార్డు జోడించకండి. "బడ్జెట్ అలర్ట్ పెట్టాను నాన్నా" అంటే సరిపోదు. చాలాచోట్ల అలర్ట్ మెయిల్ పంపుతుందే తప్ప మెషిన్‌ను ఆపదు.

అయితే అసలు ల్యాప్‌టాపే వద్దా అంటే, రాసుకోవడానికి, ప్రోగ్రాం టైపు చేయడానికి ఒకటి ఉండాలి. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలుది, పాతదైనా పర్వాలేదు. ఇంటర్నెట్ నిలకడగా ఉంటే చాలు.

వచ్చే నెల నుంచి తొమ్మిదో తరగతి పిల్లలు ల్యాబ్‌లో ఈ టమాటా ఆకుల పనే మొదలుపెడుతున్నారు. మీకు చేను గానీ, పెరట్లో నాలుగు మొక్కలు గానీ ఉంటే, ఊళ్లో తాతయ్య వాళ్ల పొలం ఉంటే, పిల్లలను ఫోన్ ఇచ్చి పంపండి. ఒక్కొక్కరు యాభై ఫొటోలు తెస్తే మాకు ఎంతో సాయం. ఫొటో తీసిన ఊరు, తేదీ రాసుకోమనండి. ఆకు కొయ్యొద్దనీ, వెనక తెల్ల కాగితం పెట్టొద్దనీ చెప్పండి.