ఆగాల్సిన చోట ఆగే రంగు

షిఫ్టు మారే వేళ హోసూరు సిప్‌కాట్ రోడ్ల మీద తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపిస్తాయి. బళ్లు తయారుచేసే ఊరు కాబట్టి టూవీలర్లకు కొదవ లేదు. వాటి మీది మెరిసే రంగు అందరికీ కనిపిస్తుంది. నన్ను మాత్రం దాని అడుగునుండే పల్చటి ప్రైమరు పొర కట్టిపడేస్తుంది. వాహన పరిశ్రమలో దాన్ని ఈడీ కోటింగ్ అంటారు. బ్రష్షూ, స్ప్రే గన్నూ చేరలేని వెల్డింగు సందుల్లోకి, గొట్టాల లోపలికి అది ఎలా వెళ్తుంది?

ఈ పొర వేసే తొట్టిలో ఉండేది చాలావరకు నీరే. అందులో ఎపాక్సీ రెసిన్ రేణువులు. కాస్త ఆమ్లం కలిపితే వాటికి ధనావేశం వస్తుంది. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, ముద్దకట్టకుండా తేలుతుంటాయి. బండి ఫ్రేమును అందులో ముంచి, రుణధ్రువానికి కలిపి, 200 నుంచి 300 వోల్టుల దాకా పెడతారు. ఇనుమును ఆనుకున్న నీరు విడిపోయి క్షారం పుడుతుంది. అక్కడికి చేరిన రెసిన్ ఆవేశం కోల్పోతుంది. ఆవేశం పోయాక ఇక నీటిలో నిలవలేదు, ఇనుముకు పట్టేస్తుంది.

అసలు అందం ఆ తర్వాతే. పట్టిన పొర కరెంటును అడ్డుకుంటుంది. దాంతో కరెంటు ఇంకా రంగు పట్టని చోటుకు మళ్లుతుంది: మొదట బయటి భాగం, ఆపైన మూలలు, చివరికి గొట్టం లోపల. రెండు మూడు నిమిషాల్లో సుమారు 20 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో దాదాపు మూడోవంతు. అక్కడితో పెరుగుదల దానంతటదే మందగిస్తుంది.

1960ల ఆరంభంలో ఫోర్డ్ కంపెనీలో జార్జ్ బ్రూవర్ బృందం దీన్ని కార్ల తయారీకి తెచ్చింది. అప్పుడు ఇనుము ధనధ్రువం. ఆ ఇనుమే కొంత కరిగి పొరలో కలిసేది, తుప్పును ఆపే శక్తి తగ్గేది. 1970ల్లో ధ్రువాలను తారుమారు చేశారు. నా దృష్టిలో ఈ పద్ధతి చరిత్రలో అతి పెద్ద మలుపు అదే.

ఆవేశంతో కట్టే పొర ఇలా ఆగడమే కాదు, ఆగకుండా సాగగలదు కూడా. 1991లో జర్మనీలో గెరో డెకర్ కరెంటే లేకుండా ధన, రుణ పాలిమర్లలో ఒక పలకను మార్చి మార్చి ముంచాడు. ప్రతి పొరా కింది ఆవేశాన్ని రద్దు చేసి, కాస్త మిగిలి, ఉపరితలాన్ని ఎదురు గుర్తుకు తిప్పేస్తుంది. అందుకే తర్వాతి పొరకు చోటు ఉంటుంది. ద్రావణంలో ఉప్పు వేస్తే పాలిమర్ గొలుసుల్లోని ఆవేశాల మధ్య వికర్షణ తగ్గి అవి చుట్టలు చుట్టుకుంటాయి, పొర మందమవుతుంది.

ఫ్రేముకు ఆ అవకాశం లేదు. కడిగి, 170 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో కాల్చాక, అదే తొట్టిలో మళ్లీ ముంచినా దాని మీద ఇంకో పొర పట్టదు.