కెరటాల మీద స్వారి

పసిఫిక్ మహాసముద్రం నట్టనడుమ హవాయి దీవులున్నాయి. వాటికి ఏ దిక్కున చూసినా మూడు వేల కిలోమీటర్ల లోపల ఖండమన్నది లేదు. ఈ దీవుల్లో ఒకదాని మీద హొనొలులు నగరం, ఆ నగరంలో వైకీకీ అనే ఇసుక తీరం ఉన్నాయి. సెలవులకు అక్కడికి వెళ్ళే పిల్లలు పలక మీద నిలబడి కెరటాల మీద స్వారి చెయ్యటం నేర్చుకుంటారు. దీన్నే సర్ఫింగ్ అంటారు. నేర్చుకుంటూనే వాళ్ళు సముద్రపు జంతువులను కూడా చూస్తారు. ఎందుచేతనంటే, ఆ జంతువులు ఉండేదీ ఆ నీటిలోనే.

ఈ స్వారి హవాయివాళ్ళకు తాతముత్తాతల నాటి విద్య. వాళ్ళలో దొరలు చాలా పొడుగైన కొయ్య పలకల మీద స్వారి చేసేవారు. 1779లో కెప్టెన్ కుక్ ఓడల్లో వచ్చిన ఇంగ్లీషువాళ్ళు అది చూసి ఆశ్చర్యపడి, తమ దినచర్యల్లో రాసుకున్నారు. తరవాతి నూరేళ్ళలో, బయటినుంచి వచ్చిన జబ్బులకు ఎంతోమంది హవాయివాళ్ళు చనిపోయారు. వాళ్ళతోపాటు విద్య కూడా చాలావరకు మరుగున పడింది.

దాన్ని ప్రపంచానికంతకూ చూపినవాడు డ్యూక్ కహనమోకు. ఆయన 1890లో పుట్టి, వైకీకీ నీళ్ళలో పెరిగాడు. 1912 ఒలింపిక్ పందాలలో 100 మీటర్ల ఈతలో బంగారు పతకం గెలిచాడు. కాని నాకు పతకం కన్న గొప్పగా కనిపించేది మరొకటి. 1925లో కాలిఫోర్నియా తీరాన ఒక పడవ బోల్తా పడింది. డ్యూక్ తన పలక మీద మళ్ళీ మళ్ళీ కెరటాలకు ఎదురు వెళ్ళి, 8 మందిని బతికించి తెచ్చాడు.

పిల్లలూ, వరిచేను మీద గాలి వీచటం చూశారు గదా! అలలు చేను ఆ చివరిదాకా పరిగెత్తుతాయి. వరిమొక్క మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. సముద్రంలోనూ అంతే. కెరటం ముందుకు పోతుంది. నీరు ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతుంది. వేసవిలో వైకీకీకి వచ్చే కెరటాలు ఎక్కడో న్యూజీలండు వైపు తుపానుల్లో పుట్టి, సుమారు వారం రోజులు ప్రయాణం చేసి వస్తాయి. ఒడ్డు దగ్గర లోతు తగ్గేసరికి కెరటం అడుగుభాగానికి నేల అడ్డుతగిలి వేగం తగ్గుతుంది. పైభాగం ఆగలేక ముందుకు విరుచుకుపడుతుంది. వైకీకీ దగ్గర నేల చాలా దూరందాకా మెల్లిగా పల్లమవుతుంది. అందుచేత అక్కడ కెరటం ఒక్కసారిగా కూలక, నెమ్మదిగా విరుగుతుంది. కొత్తవాళ్ళకు కావలసింది అదే.

మొదటి పాఠం నీటిలో కాదు, ఇసుకలో. పలక మీద బోర్లా పడుకోవాలి, చేతులతో నీటిని తోస్తున్నట్టు అభినయించాలి, రెండు చేతులూ ఆనించి ఒక్క ఊపున లేచి నిలబడాలి. పడటం కూడా నేర్పుతారు! తల ముందుగా దూకకూడదు. వెల్లకిలా, చదునుగా పడాలి. అడుగున పగడపు దిబ్బలుంటాయి. అవి రాళ్ళలాగే కనిపిస్తాయి గాని, ప్రాణమున్నవి. వాటి మీద కాలు మోపితే మనకూ గాయమే, వాటికీ గాయమే. కెరటాలను దాటటమంటే ఏమిటో మన విశాఖ బెస్తలకు వేరే చెప్పాలా? వాళ్ళు తెప్పల మీద రోజూ చేసే పనే అది.

పలక మీద కూచుని కెరటం కోసం కాచుకుని ఉండగా, పక్కనే ఒక తల పైకి లేచి, బుస్సున ఊపిరి వదిలి, మునిగిపోతుంది. అది పచ్చతాబేలు. దాని చిప్ప మీటరు పొడుగుంటుంది. తూకం నూరు కిలోలు దాటవచ్చు. తినేది నాచు. దాని డిప్ప పచ్చన కాదు, లోపలి కొవ్వు పచ్చన. మన తీరానికి గుడ్లు పెట్టవచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు దీనికన్న చాలా చిన్నది.

మాంసం కోసం వేటాడటంవల్ల ఈ తాబేళ్ళు అంతరించే స్థితికి వచ్చాయి. ఇవి గుడ్లు పెట్టేది ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల ఉన్న చిన్న ఇసుక దిబ్బల మీద. 1973లో అక్కడి ముఖ్యమైన దిబ్బ మీద లెక్కిస్తే, గుడ్లు పెట్టవచ్చిన ఆడ తాబేళ్ళు 67 మాత్రమే! 1978లో అమెరికా చట్టం వాటికి రక్షణ ఇచ్చింది. ఆ తరవాత గుడ్లు పెట్టవచ్చేవి పెరిగి వందల్లోకి వచ్చాయి. ఇంతలో 2018లో తుపాను వచ్చి, ఆ దిబ్బను దాదాపు పూర్తిగా తుడిచిపెట్టేసింది. తాబేళ్ళు పొరుగు దిబ్బ మీద గుడ్లు పెట్టసాగాయి.

తాబేలు కనిపిస్తే పది అడుగుల దూరాన ఉండాలి. హవాయి మాంక్ సీలు అనే జంతువుకు యాభై అడుగులు. ఈ సీళ్ళు హవాయిలో తప్ప మరెక్కడా లేవు. మొత్తం 1,600 దాకా ఉంటాయి. 2017లో ఒక సీలు వైకీకీ తీరంలోనే, జనం స్నానాలు చేసేచోటనే పిల్లను కన్నది! అధికారులు చుట్టూ తాళ్ళు కట్టారు, జనం ఆ తాళ్ళ అవతల నిలబడి చూశారు. అదే తల్లి 2022లో మళ్ళీ అక్కడే ఈని, తన పిల్ల ఉన్న నీటిలో ఈదుతున్న ఒకరిని గాయపరిచింది. నీటిలో తాళ్ళుండవు గదా!

చలికాలంలో అలాస్కానుంచి పెద్ద తిమింగిలాలు పిల్లలను కనటానికి హవాయి వస్తాయి. అక్కడినుంచే కోలేయా అనే పిట్ట కూడా వస్తుంది. తిమింగిలం వారాల తరబడి ఈది వస్తే, ఈ గుప్పెడు పిట్ట సుమారు 4,800 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా, మూడు నాలుగు రోజుల్లో ఎగిరి వస్తుంది. ఈ జాతి పిట్టలే మన తీరానికీ చలికాలంలో వస్తాయి. హవాయిలో అది ఇళ్ళ ముందరి పచ్చికలో పురుగులు ఏరుకుంటూ తిరిగి, ఏప్రిల్ నెలాఖరుకు మళ్ళీ అలాస్కా దారి పడుతుంది.