కల్పితయంత్రమున చిక్కిన పత్రములను వెలికితీయుట

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారునకు దక్షిణముగా పోయినచో శాలిబండ వచ్చును. 1904లో కట్టిన గడియారపు స్తంభము ఆ పేటకు గుర్తు. ఆ వీథిలో ఒక టైపుదుకాణము కలదనుకొనుడు. పదిపండ్రెండేండ్ల క్రిందట మీ దేవాలయపు మాన్యముల వివరమును, స్థలపురాణమును, వంశవృక్షమును అచ్చట తెలుగున కూర్పించితిరి. అచ్చుపుస్తకములు పంచుట యైనది. చేవ్రాతప్రతిని చెదలు తినినవి. ఇప్పుడు మరల ముద్రింపింపదలచి పోగా దుకాణదారుడు, “పెద్దయ్యా, మీ ఫైలు ఉన్నది, కాని డిస్కు నిండిపోయి యంత్రము లేచుట లేదు” అనును. ఉండియు అందని యీ స్థితిని గూర్చియే నేటి ప్రసంగము.

ముందుగా ఆ యంత్రమెట్టిదో తెలియవలెను. ఇరువదియేండ్ల క్రిందట తెలుగు అక్షరములు కూర్చువారిలో పెక్కండ్రు పేజిమేకరను సాధనమును, అనూ ఫాంటులను వాడుచుండిరి. పేజిమేకరు 7.0 కూర్పు 2001లో వచ్చినది. అటుపిమ్మట దానికి క్రొత్త కూర్పు రాలేదు. అది నడచిన విండోస్ ఎక్స్‌పికి మైక్రోసాఫ్టు సంస్థ 2014 ఏప్రిల్ 8వ తేదీతో పోషణ చాలించెను. క్రొత్త కంప్యూటరులపై ఆ పాతసాధనములు తిన్నగా నడువవు. అందుచేత, పాతపనిని వదలుకొనలేనివారు క్రొత్తయంత్రము కడుపులో పాతయంత్రమునొకదానిని నిలుపుకొందురు. దీనికే వర్చువల్ మెషీనని పేరు; మనము కల్పితయంత్రమందము.

ఈ యుపాయము నిన్నటిది కాదు. ఐబియం సంస్థ 1972లోనే తన పెద్దయంత్రములకై వియం 370 అనుదానిని ప్రకటించెను. ఇంటింటి కంప్యూటరులపై నిట్టిది నడపుటకు వియంవేర్ వర్క్‌స్టేషన్ 1999లోను, వర్చువల్‌బాక్స్ 2007లోను వెలువడినవి.

లోపలి యంత్రము తనకు నిజమైన డిస్కు కలదని నమ్మును. నిజమునకు ఆ డిస్కంతయు బయటి యంత్రమునందలి యొక్క పెద్ద ఫైలు మాత్రమే. ఇచ్చటనే ఒక చిక్కు కలదు. కల్పితడిస్కునకు నలువది గిగాబైట్లు ఇచ్చితిమని వ్రాసికొన్నను, చాలసార్లు ఆ చోటు మొదటనే ఇయ్యబడదు; సరకు వచ్చినకొలది ఫైలు పెరుగుచుండును. పదిపుట్ల గరిసె కట్టెదమని మాటయిచ్చి, ధాన్యము వచ్చినకొలది గోడ లేపుట వంటిది. గరిసెలో ఇంకను చోటున్నట్లు కాగితము చెప్పుచుండగనే, గోడ లేపుటకు దొడ్డిలో స్థలము లేకపోవచ్చును.

కావున నిండినది లోపలి డిస్కా, బయటి డిస్కా అని విచారింపవలెను. బయటిది నిండినచో వర్చువల్‌బాక్స్ కల్పితయంత్రమును నడుమ నిలిపివేయును. అది చచ్చుట కాదు, ఊపిరి బిగబట్టుట. బయటి యంత్రమునుండి అక్కరలేని సినిమాలను, బొమ్మలను వేరొక డిస్కునకు మార్చి చోటు కల్పించి, మరల సాగుమన్నచో చాలసార్లు విడిచినచోటినుండియే పని సాగును. కంగారుపడి దానిని ఆర్పివేయుట కూడదు.

లోపలి డిస్కే నిండినచో పని కష్టతరము. కాని డిస్కు నిండినంతమాత్రమున దానిపై నున్న పాతపత్రములు చెడవు. చెడునది ఆ సమయమున వ్రాయబోవు క్రొత్తపత్రము. అది సగమే వ్రాయబడి నిలిచిపోవచ్చును. పాతవానికి చేటు తరచుగా మనచేతులనుండియే వచ్చును. చోటు కావలెనని తొందరపడి కనబడిన ఫైళ్లను కొట్టివేయుదురు. కొట్టివేసినవానిలో కావలసినది పోయినదని పిమ్మట తెలియును.

ఫైలును కొట్టివేయునపుడు యంత్రము మామూలుగా ఆ పత్రమును చెరుపదు. విషయసూచికలో దాని పేరు తీసి, ఆ చోటు ఖాళీయని గురుతు వేయును. పత్రము కొంతకాలము అచ్చటనే యుండును. చోటు విరివిగా నున్న డిస్కుపై క్రొత్తవ్రాత మరియొకచోట పడవచ్చును గనుక పోయినది దొరకుటకు ఆశ కలదు. నిండిన డిస్కుపై నట్లు కాదు. ఖాళీయైనది ఆ యొక్కచోటే. తరువాతి వ్రాత పడవలసినదియు అచ్చటనే. విండోస్ మనమేమియు చేయకున్నను, లేచునపుడే తన చిట్టాలను, తాత్కాలికపు ఫైళ్లను వ్రాసికొనును. కావున పొరపాటున కొట్టివేసినవాడు ఆ కల్పితయంత్రమును మరల లేపరాదు. లేపినకొలది పోయినదానిపై మన్ను పోసినట్లే.

మరి ఏమి చేయవలెను? కల్పితయంత్రమును ఆర్పి, కల్పితడిస్కైన ఆ పెద్ద ఫైలును బయటి హార్డుడిస్కుపైకి నకలు తీయవలెను. నిజమైన యంత్రము చెడినచో పెట్టె విప్పవలసియుండును. ఇచ్చట డిస్కే ఫైలు గనుక నకలు సులువు. ఇది యీ పద్ధతిలోని గొప్ప మేలు, దీనిని వాడుకొననివారే యెక్కువ. ఇకమీది పని యంతయు నకలుపైననే. సెవెన్‌జిప్ అను ఉచితసాధనము అనేకవిధములైన కల్పితడిస్కులను పెట్టెవలె తెరచి చూపును; లోపలి విండోసును లేపకయే మీ స్థలపురాణమును బయటికి లాగవచ్చును. అది తెరువలేనిచో, లినక్సుతో లేచు వేరొక కల్పితయంత్రమునకు ఈ డిస్కును రెండవడిస్కుగా తగిలించి, చదువుటకు మాత్రమే అనుమతించి, పత్రములను ఎత్తుకొనవలెను.

ఒక జాగ్రత్త. దుకాణదారుడు ఎన్నడైనను స్నాప్‌షాట్ తీసియుండినచో, నాటినుండి జరిగిన మార్పులు మూలఫైలులో నుండవు. ప్రక్కఫైళ్లలో గొలుసుగా నుండును. మూలమును మాత్రము తెరచినచో పాతరూపమే కనబడును. మీరు పిమ్మట దిద్దించిన తప్పులు దిద్దనట్లే యుండును. చిన్నవిగా, పేరు తెలియనివిగా కనబడు ఆ ప్రక్కఫైళ్లను చెత్తయని తీసివేయుట మహాపరాధము. సంచి మొత్తమును నకలు తీయవలెను.

పత్రములు చేతికందిన పిమ్మట, నకలునుండి యంత్రమును మరల నడుపదలచినచో డిస్కు పరిమాణము పెంచవచ్చును. గోడ వెనుకకు జరిపినంతనే చాప పెరుగదు. లోపలి విభాగమును గూడ జీపార్టెడ్ వంటి సాధనముతో వేరుగా సాగదీయవలెను.

ఫైలుతోపాటు అనూ ఫాంటులను గూడ అడిగి తెచ్చుకొనుడు. అవి తెలుగు రూపములను ఇంగ్లీషు అక్షరముల స్థానములలో నిలిపినవి. ఫాంటు లేనిచో మీ వంశవృక్షమంతయు అర్థములేని ఇంగ్లీషు అక్షరములుగా కనబడును. అటుపిమ్మట దానిని యూనికోడునకు మార్పించి, పేరుపేరున సరిచూడుడు. మార్చు సాధనములు వత్తులయొద్ద తడబడును. మీ తాతగారి పేరు సరిగా నున్నదో లేదో దుకాణపు కుఱ్ఱవానికి తెలియదు.