శిథిలాలెత్తిన చేతులు

1965లో ఇంగ్లండులోని కోవెంట్రీ నుంచి కొందరు యువతీయువకులు తూర్పు జర్మనీలోని డ్రెస్డెన్ నగరానికి వెళ్లారు. చేతుల్లో బైబిళ్లున్నాయి గానీ వాళ్లు సువార్త సభలు పెట్టడానికి వెళ్లలేదు. అక్కడ లూథరన్ డీకనెస్ సోదరీల ఆసుపత్రి ఒకటి ఇరవై ఏళ్లుగా సగం కూలి ఉంది. దాని శిథిలాలు ఎత్తిపోసి, మళ్లీ కట్టడంలో సాయపడాలని కొన్ని నెలలపాటు అక్కడే ఉండి కూలిపని చేశారు. ఆ ఆసుపత్రిని కూల్చినవి వాళ్ల దేశపు బాంబులే. 1945 ఫిబ్రవరి 13 రాత్రి మొదలుపెట్టి బ్రిటన్, ఆ తర్వాత అమెరికా విమానాలు ఆ నగరాన్ని తగులబెట్టాయి. దాదాపు 25 వేలమంది చనిపోయారు. పారలు పట్టుకుని వెళ్లిన ఆ పిల్లల్లో చాలామంది అప్పటికి పాలుతాగే పసివాళ్లో, అసలు పుట్టనివాళ్లో. మరి వాళ్లకెందుకీ పని?

ఇందుకు జవాబు కావాలంటే ఇంకాస్త వెనక్కి, 1940 నవంబర్ 14 రాత్రికి వెళ్లాలి. ఆ రాత్రి జర్మనీ విమానాలు కోవెంట్రీ మీద గంటల తరబడి బాంబులు కురిపించాయి. అయిదు వందల అరవైమందికి పైగా చనిపోయారు. మధ్యయుగాల నాటి సెయింట్ మైకేల్ కేథడ్రల్ గోడలు, గోపురం మిగిలి, తక్కినదంతా బూడిదయింది. కాలిపోయిన పైకప్పు దూలాలు రెండు సిలువ ఆకారంలో పడి ఉండటం చూసి ఒక తాపీమేస్త్రీ వాటిని కట్టి నిలబెట్టాడు. బూడిదలో దొరికిన పాతకాలపు పెద్ద మేకులు మూడింటిని కలిపి ఒక పాదిరిగారు చిన్న సిలువ చేశారు. ఆ కేథడ్రల్ ప్రధాన గురువు రిచర్డ్ హొవార్డ్ ఆ సంవత్సరం క్రిస్మస్ రోజున శిథిలాల్లోంచి రేడియోలో మాట్లాడుతూ, ఎంత కష్టమైనా పగ తీర్చుకునే ఆలోచనను మనసులోంచి వెళ్లగొట్టడానికి ప్రయత్నిస్తున్నామని దేశమంతటికీ చెప్పారు. యుద్ధం ఇంకా నడుస్తోంది. శవాలు పూడ్చిపెట్టి ఆరువారాలే అయింది. ఆ మాట విని ఎంతమంది పళ్లు కొరికి ఉంటారో!

యుద్ధం ముగిశాక 1948లో ఆయన ఆ కూలిన బలిపీఠం వెనుక గోడమీద రెండు మాటలు చెక్కించారు: ‘తండ్రీ, క్షమించు’. సిలువమీద ప్రభువు పలికిన మాటలో (లూకా 23:34) ‘వీరిని’ అనే పదం కూడా ఉంది కదా. హొవార్డ్ దాన్ని వదిలేశారు. క్షమాపణ కావలసింది వాళ్లకు మాత్రమేనా? అందరూ పాపం చేశారని పౌలు రోమా సంఘానికి రాశాడు (రోమా 3:23). ఆ ఒక్క పదం లేకపోవడంలోనే ఆ తర్వాతి కథంతా ఉంది.

ఇక జర్మనీ వైపు చూద్దాం. అక్కడ లోథార్ క్రైసిగ్ అనే న్యాయమూర్తి ఉండేవాడు. బ్రాండెన్‌బర్గ్ పట్టణ న్యాయస్థానంలో మతిస్థిమితం లేనివారికి, వికలాంగులకు సంరక్షణ చూసే బాధ్యత ఆయనది. 1940లో తన రక్షణలో ఉన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చనిపోతున్నారని కాగితాల మీద గమనించాడు. ప్రభుత్వమే రహస్యంగా వాళ్లను చంపిస్తోందని గ్రహించి న్యాయశాఖ మంత్రికి లేఖ రాశాడు. అంతటితో ఊరుకోక, ఆ పనికి బాధ్యుడైన నాజీ పెద్దమీద హత్యానేరం మోపాలని ఫిర్యాదు చేశాడు. ఫ్యూరర్ మాటే చట్టమని ఒప్పుకోలేనివాడు న్యాయమూర్తిగా ఉండలేడని ఆయనకు చెప్పారు. ఒప్పుకోనన్నాడు, పదవి పోగొట్టుకున్నాడు. పొలం దున్నుకుంటూ బతికాడు. ఇద్దరు యూదు స్త్రీలను దాచి కాపాడాడు కూడా. హిట్లర్‌కు ఎదురు నిలిచిన కొద్దిమంది ప్రొటెస్టెంటు విశ్వాసుల్లో ఆయనొకడు.

అలాంటివాడు యుద్ధం తర్వాత ‘నా తప్పేమీ లేదు’ అని హాయిగా నిద్రపోవచ్చు. క్రైసిగ్ అలా చేయలేదు. 1958 ఏప్రిల్ 30న బెర్లిన్‌లోని స్పాండావులో జర్మనీ ప్రొటెస్టెంటు సంఘాల సినడ్ జరుగుతుండగా ఒక పిలుపు చదివి వినిపించాడు. యుద్ధం మొదలుపెట్టింది మనం, లక్షలాది యూదులను చంపింది మనం, మనలో అది వద్దనుకున్నవాళ్లు కూడా దాన్ని ఆపడానికి చాలినంత చేయలేదు అన్నది దాని సారాంశం. మన చేతిలో హింస అనుభవించిన జనాలను మనం ఒక అనుమతి అడగాలన్నాడు. వాళ్ల దేశంలో మన చేతులతో, మన డబ్బుతో ఒక మంచిపని చేసుకోనివ్వమని అడగాలన్నాడు. అది ఒక గుడి కావచ్చు, ఆసుపత్రి కావచ్చు, వాళ్లు ఏది కోరితే అది. అలా పుట్టిన సంస్థకు ‘ఆక్సియోన్ జ్యూనెత్సైఖెన్’ అని పేరు. ప్రాయశ్చిత్తానికి సూచనగా చేసే పని అని అర్థం. ‘ప్రాయశ్చిత్తం’ అనగానే మన పాఠకుల్లో కొందరు ఉలిక్కిపడతారని తెలుసు. ప్రాయశ్చిత్తం క్రీస్తు ఒక్కడే చేశాడు గదా, మనిషి కష్టం దానికి ఎలా సరిపోతుంది? సరిపోదు. అందుకే ‘సూచన’ అన్నారు. ఆరు లక్షలు కాదు, అరవై లక్షలమంది యూదుల ప్రాణాలకు ఇటుకల లెక్క ఏమిటి? తప్పు ఒప్పుకున్నామని మాటతోకాక చేతులతో చెప్పడం, అంతే.

ఆ పిలుపు అందుకుని ముందుకొచ్చింది యువకులే. క్రైసిగ్ మనసులో పోలండ్, రష్యా, ఇజ్రాయెల్ దేశాలు ముందున్నాయి. ఆ తలుపులు వెంటనే తెరుచుకోలేదు. 1959లో నార్వే, నెదర్లాండ్స్ రమ్మన్నాయి. నార్వే ఉత్తరపు కొనలో, జర్మన్ సేన వెనక్కి మళ్లుతూ ఊళ్లకు ఊళ్లు తగలబెట్టిన ఫిన్‌మార్క్ ప్రాంతంలో, కోకెల్వ్ అనే చిన్న ఊరికి జర్మన్ యువకులు చర్చి కట్టిపెట్టారు. ఫ్రాన్సులో తేజె అనే పల్లెలో ప్రార్థన చేసుకునే సహోదరుల సమాజానికి ‘సమాధాన ఆలయం’ కట్టారు, 1962 ఆగస్టు 6న దాన్ని ప్రారంభించారు. ఈనాటికీ వేసవి వస్తే ఎన్నో దేశాల నుంచి వేలాది యువతీయువకులు ఆ ఆలయంలోనే నేలమీద కూర్చుని ప్రార్థిస్తారు. దాన్ని కట్టిన చేతులు ఎవరివో వాళ్లలో ఎందరికి తెలుసో మరి.

1961లో పదహారు మంది జర్మన్ యువతీయువకులు కోవెంట్రీకే వెళ్లారు. తమ తండ్రుల తరం కాల్చేసిన కేథడ్రల్‌లో మిగిలిన గదులను బాగుచేసి, దేశదేశాలవాళ్లు వచ్చి కలుసుకునే అంతర్జాతీయ కేంద్రంగా మార్చారు. పక్కనే కొత్త కేథడ్రల్ లేస్తోంది, 1962 మే 25న దాన్ని ప్రతిష్ఠించారు. ఊళ్లో ఆ రాత్రి పిల్లలను పోగొట్టుకున్న తల్లులు ఇంకా బతికే ఉన్నారు. జర్మన్ యాసలో ఇంగ్లిషు మాట్లాడుతూ రొట్టె కొనడానికి దుకాణానికి వెళ్లడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించండి. ఇటుకలు మొయ్యడం అంతకంటే తేలికే.

డ్రెస్డెన్ ప్రయాణం దీనికి బదులు. గెలిచిన దేశం, తనకు దెబ్బ తగిలిన దేశం, ‘మేమూ కాల్చాం’ అని ఒప్పుకుని పిల్లలను పంపింది. ఓడినవాడు క్షమాపణ అడగడం లోకంలో చూస్తాం. గెలిచినవాడు అడగడం అరుదు.

అయితే అడిగినంత మాత్రాన తలుపు తెరుచుకుంటుందని అనుకోకూడదు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత 1920లో పియేర్ సెరెసోల్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు ఫ్రాన్సులోని వెర్డున్ దగ్గర ఎన్ అనే పల్లెను తిరిగి కట్టడానికి కొందరు స్వచ్ఛంద సేవకులను తీసుకెళ్లాడు. వాళ్లలో జర్మన్లూ ఉన్నారు. కొన్ని నెలలు గడిచాక జర్మన్ల చేతిసాయం మాకొద్దని అక్కడి పెద్దలు అనడంతో పని ఆగిపోయింది. తప్పెవరిది? గాయపడ్డవాళ్లను తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు. సెరెసోల్ మాత్రం పార కిందపెట్టలేదు. 1934 జనవరిలో బీహార్‌ను భూకంపం నేలమట్టం చేసినప్పుడు మన దేశానికే వచ్చి, కొందరు మిత్రులతో కలిసి పల్లెల్లో ఇళ్లు కట్టాడు. క్రైసిగ్ ‘అనుమతి అడుగుదాం’ అన్న మాట విలువ ఎన్ పల్లె కథ తెలిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది.

పరిశుద్ధ గ్రంథంలో ఈ విషయమై రెండు మాటలు ఒకదానికొకటి ఎదురుగా నిలబడినట్టు కనిపిస్తాయి. తండ్రి దోషాన్ని కుమారుడు మొయ్యడని యెహెజ్కేలు స్పష్టంగా చెప్పాడు (యెహె 18:20). యౌవనంలోనే చెరపట్టబడిపోయిన దానియేలేమో, తాను చేయని పాపాలను లెక్కపెడుతూ ‘మేము’ పాపం చేశామని మోకాళ్లూనాడు (దాని 9). ఆ యువతీయువకులు ఈ రెండింటి మధ్య నడిచారు. శిక్ష వాళ్లది కాదు, వాళ్లకు అది తెలుసు. కానీ ఇంటి పేరు వాళ్లది, భాష వాళ్లది, తండ్రులు దాచిన మాటలు వాళ్ల భోజనాల బల్ల దగ్గరే దాగి ఉన్నాయి. అర్పణ తెచ్చి బలిపీఠం దగ్గర నిలబడినప్పుడు, నీ సహోదరునికి నీమీద ఏదో విరోధముందని జ్ఞాపకం వస్తే అర్పణ అక్కడే వదిలి వెళ్లమన్నాడు ప్రభువు (మత్తయి 5:23, 24). నీకు అతని మీద కోపముంటే అనలేదు చూడండి, అతనికి నీమీద అన్నాడు. పక్క బెంచీలో కూర్చునేవాడితో ఆరునెలలుగా మాటల్లేకుండానే ప్రభురాత్రి భోజనం తీసుకునే మనకు ఈ వాక్యం వినడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. ఆ తర్వాత తూర్పున ఉన్న యువకులకు పడమటి దేశాలకు వెళ్లే దారి మూసుకుపోయింది. వాళ్లు తమ దేశంలోనే వేసవి శిబిరాలు పెట్టుకుని పనిచేశారు. మరికొందరు పోలండ్ వెళ్లి, లక్షలమందిని చంపిన ఆష్విట్జ్‌లో పనిచేశారు. ఆ ఊళ్లోనే 1986 డిసెంబర్‌లో అంతర్జాతీయ యువజన సమావేశ కేంద్రం తెరిచారు. జర్మనీ, పోలండ్ పిల్లలు, ఇంకా ఎక్కడెక్కడివాళ్లో వచ్చి రోజుల తరబడి అక్కడే ఉంటారు. శిబిరం నుంచి బతికి బయటపడ్డవాళ్లు వచ్చి తమకు జరిగింది వాళ్లకు చెప్పేవారు. వాళ్లలో ఇప్పుడు చాలా కొద్దిమందే మిగిలారు.

ఇటుకల పని కూడా ఏనాడో తగ్గిపోయింది. ఈ రోజుల్లో ఆ సంస్థ పంపే యువతీయువకులు ఒక సంవత్సరంపాటు వేరే దేశంలో ఉండి వృద్ధులైన యూదుల ఇళ్లకు వెళ్తారు. పుస్తకం చదివి వినిపిస్తారు, డాక్టరు దగ్గరికి తోడు వెళ్తారు, వికలాంగులకు సేవ చేస్తారు, స్మారకస్థలాల్లో సందర్శకులకు చరిత్ర చెబుతారు. శాంతి పాఠాలంటే గోడమీద పావురం బొమ్మ వేయడం అనుకునేవాళ్లకు ఇది చప్పగా కనిపించవచ్చు. నర్సు గంట కొట్టేదాకా ఒక ముసలామె చేయి పట్టుకు కూర్చోవడం కూడా పాఠమే, మార్కులు మాత్రం పడవు.

డ్రెస్డెన్‌లో బాంబులకు కూలిపోయిన పెద్ద చర్చి ఫ్రావెన్‌కిర్షె కూడా మళ్లీ లేచింది. 2005 అక్టోబర్ 30న దాన్ని తిరిగి ప్రతిష్ఠించారు. గోపురం మీది బంగారు సిలువ బ్రిటన్ ప్రజల విరాళాలతో లండన్‌లో తయారైంది. దాన్ని చేసిన స్వర్ణకారుడు అలన్ స్మిత్. 1945లో ఆ నగరం మీద బాంబులు వేసిన విమానాల్లో ఒకదాన్ని నడిపింది ఆయన తండ్రి. 2004 జూన్‌లో ఆ సిలువను పైకెక్కించారు. పాత సిలువ 1993లో శిథిలాల్లో దొరికింది. వంకర తీయకుండా, మసి తుడవకుండా దాన్ని చర్చి లోపల నిలబెట్టారు. వచ్చినవాళ్లు దాని పక్కన కొవ్వొత్తులు వెలిగించి వెళ్తుంటారు.