అన్నప్రాశన తరువాత: శిశువులలో ఇనుము లోపం

శిశువుకు తొలిసారి అన్నం తినిపించే అన్నప్రాశనను గృహ్యసూత్రాలు ఆరవ నెలలో విధించాయి. మగపిల్లవాడికి సరి నెల, ఆడపిల్లకు బేసి నెల చూసే ఆచారం తెలుగు ఇళ్లలో నేటికీ ఉంది. ఈ కాలనిర్ణయం నేటి పోషకాహార శాస్త్రానికి చాలా దగ్గరగా ఉండటం గమనార్హం. నెలలు నిండి పుట్టిన శిశువుకు గర్భంలో తల్లి నుండి సంక్రమించిన ఇనుము నిల్వ దాదాపు ఆరు నెలలకు తరిగిపోతుంది. తల్లికి రక్తహీనత ఉన్నా, కాన్పు ముందుగా జరిగినా ఇంకా త్వరగా తరుగుతుంది. తల్లిపాలలోని ఇనుము తేలికగా జీర్ణమయ్యేదే అయినా పరిమాణంలో అత్యల్పం. కనుక అటుపైన కావలసిన ఇనుములో అధికభాగం ఆహారం నుండే రావాలి.

లోపం ముహూర్తంలో లేదు, గిన్నెలో ఉంది. పాయసంతో మొదలైన ఆహారం చాలా ఇళ్లలో పాలన్నం, పెరుగన్నం, చారన్నం దగ్గరే నెలల తరబడి ఆగిపోతుంది. మరపట్టిన బియ్యంలోనూ, ఆవు గేదె పాలలోనూ ఇనుము బహు స్వల్పం. పాలతోనే కడుపు నిండిన బిడ్డ తక్కిన ఆహారం ముట్టదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుండి ఐదేళ్ల లోపు పిల్లలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. రెండూ అంతకుముందటి సర్వే కంటే పెరిగినవే. ఇందులో ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ లోపాలకు, నులిపురుగులకు, అంటురోగాలకు కూడా భాగముంది. అయినా ఇనుము లోపమే ముఖ్య కారణాలలో ఒకటి.

పాలిపోవడం, నీరసం పైకి కనిపించే లక్షణాలు. మెదడు వేగంగా ఎదిగే తొలి రెండేళ్లలో ఈ లోపం గ్రహణశక్తిని, ఏకాగ్రతను దెబ్బతీస్తుంది. ఆ నష్టం తరువాతి చికిత్సతో పూర్తిగా పూడకపోవచ్చు. పోతన భాగవతంలో బాలకృష్ణుడు మన్ను తిన్న ఘట్టం తెలుగువారికి ముద్దు. ఇంటిలోని బిడ్డ పదేపదే మట్టి, బలపం, సున్నం తింటుంటే మాత్రం దాన్ని అల్లరిగా కాక ఇనుము లోపానికి సూచనగా అనుమానించి వైద్యునికి చూపాలి.

శాస్త్రం ‘శోషణ’ అనే దానిని జనం ‘ఒంటబట్టడం’ అంటారు. అసలు కీలకం అక్కడే ఉంది. పప్పులు, తోటకూర, రాగులలో ఇనుము ఉన్నా, వాటిలోని ఫైటేట్ల వంటి పదార్థాలు దానిని ఒంటబట్టనీయవు. మెత్తని పప్పన్నంలో నాలుగు చుక్కల నిమ్మరసం, లేదా ఉసిరి కలిపితే సి విటమిన్ ఆ అడ్డంకిని సడలిస్తుంది. మాంసం, మేక కార్జంలోని ఇనుము నేరుగానే ఎక్కువగా ఒంటబడుతుంది. ఇనుప బాండిలో వండిన పులుపు కూరలోకి కొంత ఇనుము దిగుతుంది. భోజనంతో పాటు ఇచ్చే టీ మాత్రం చెరుపు. ఎర్రనివి తింటే రక్తం పడుతుందన్న నమ్మకం రంగును చూసి పుట్టినది; దానిమ్మ, బీట్‌రూట్‌లలో ఇనుము తక్కువే.

ఆహారంతోనే ఈ లోటు తీరదన్న అంచనాతో, 2018లో ప్రారంభమైన ‘అనీమియా ముక్త్ భారత్’ కార్యక్రమం ఈ వయసు పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక్కొక్క మిల్లీలీటరు ఇనుము–ఫోలిక్ ఆమ్లం సిరప్‌ను నిర్దేశించింది. ఈ మందు వాడినప్పుడు మలం నల్లబడటం సహజం. దానిని చూసి భయపడి సీసాను అటకెక్కించనవసరం లేదు.