రికార్డుల్లో లేని గొంతులు: ‘పారమట్టా గర్ల్స్’ నాటకం

ఆస్ట్రేలియా రచయిత్రి అలానా వాలెంటైన్ రచించగా 2007లో సిడ్నీలోని బెల్వాయిర్ రంగశాలలో తొలిసారి ప్రదర్శితమైన ‘పారమట్టా గర్ల్స్’ నాటకం, సంరక్షణ పేరుతో ప్రభుత్వమే నిర్బంధించి హింసించిన బాలికల అనుభవాలను రంగస్థలం మీదికి తెచ్చింది.

సిడ్నీకి పడమట ఉన్న పారమట్టాలో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం 1887 నుంచి 1974 వరకు నడిపిన బాలికల శిక్షణాలయం ఈ నాటకానికి ఆధారం. అక్కడికి చేరిన వారిలో చాలామంది ఏ నేరమూ చేయనివారే. అయినా 1939 నాటి బాలల సంక్షేమ చట్టం ‘నైతిక ప్రమాదానికి లోనైనవారు’ అనే అభియోగానికి చోటిచ్చినందువల్ల, ఇల్లు విడిచి పారిపోయిన పిల్లలతో పాటు, ఇంట్లోనే అత్యాచారానికి గురైన పిల్లలు సైతం న్యాయస్థానంలో ముద్దాయిలుగా నిలబడవలసి వచ్చింది. కుటుంబాల నుంచి ప్రభుత్వం బలవంతంగా వేరుచేసిన ఆదివాసీ బాలికలూ వీరిలో ఉన్నారు. నేలలు తోమించడం, బలవంతపు వైద్య పరీక్షలు, ఏకాంత నిర్బంధం, దెబ్బలు, సిబ్బంది జరిపిన లైంగిక హింస అక్కడి జీవితంలో భాగమయ్యాయి. 1961లో బాలికలు తిరగబడిన తరువాత, మరింత కఠిన శిక్ష కోసం హే పట్టణంలోని పాత జైలును తెరిచి, అక్కడ పిల్లలు తల ఎత్తి చూడడాన్ని కూడా నిషేధించారు.

నిజ వ్యక్తుల మాటలనే సంభాషణలుగా మలిచే నాటక పద్ధతిని వెర్బాటిమ్ థియేటర్ అంటారు. వాలెంటైన్ ఆ పద్ధతికి దగ్గరగా ఉంటూనే, అనేకమంది మహిళలతో మాట్లాడి సేకరించిన అనుభవాలను కల్పిత పాత్రల్లో కలిపారు. దశాబ్దాల తరువాత పాత భవనంలో కలుసుకున్న మహిళల కథ ఇది. ఒకే నటి నడివయసు స్త్రీగానూ, ఒకనాటి బాలికగానూ కనిపించడం వల్ల, ఆ గాయం గతంతో ముగిసిపోలేదని ప్రేక్షకుడికి వేరుగా చెప్పవలసిన అవసరం ఉండదు.

ఇటువంటి సంస్థల్లో పెరిగినవారి వేదనను 2004లో ఆస్ట్రేలియా సెనేట్ నివేదిక నమోదు చేయగా, 2009 నవంబరు 16న ప్రధాని కెవిన్ రడ్ వారికి జాతి తరఫున క్షమాపణ చెప్పారు. ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి విచారణ సంఘమైన రాయల్ కమిషన్ ఎదుట 2014లో పారమట్టా, హే బాధితులు సాక్ష్యమిచ్చారు. ఆనాటి అధికారిక పత్రాలు బాలికల మీది అభియోగాలను భద్రపరిచాయి గాని వారి వాదనను వినిపించలేదు. ఆ లోటును పూరించడంలోనే ఈ నాటకం విలువ ఉంది. పిల్లల మాట గోడ దాటి బయటికి వచ్చే మార్గం లేనిచోట, సంరక్షణ అనే పేరు వారిని కాపాడలేదని ఇది గట్టిగా హెచ్చరిస్తుంది.