‘ఇటు రా’ అంటే మర్యాద తప్పినట్టేనా?

రా, పో, తే, పెట్టు, జరుగు. ఇంట్లో, బజారులో, బస్సులో రోజంతా మన నోట ఆడే మాటలివి. వ్యాకరణం వీటిని విధ్యర్థకాలంటుంది. వీటి మీద బెజవాడలో వినిపించే అపోహలు కొన్ని చూద్దాం.

అపోహ: తెలుగులో ‘ప్లీజ్’ లేదు కాబట్టి మనకు మర్యాదగా అడగడం రాదు.

‘దయచేసి’ ఉంది కదా! కాకపోతే అది బస్టాండు మైకులోనూ ఆఫీసు గోడల మీదా బతుకుతోంది. వంటింట్లో అంటే వెటకారంలా ఉంటుంది. మనం మెత్తగా అడిగే పద్ధతి వేరు. “అక్కా, కాస్త జరుగు”, “ఆ పచ్చడి ఇలా అందిస్తావా?”, “అన్నా, బెంజి సర్కిల్ వస్తావా?” అంటాం. ‘కాస్త’ అనగానే పని చిన్నదైపోతుంది. ప్రశ్నగా అడిగితే ఎదుటివాళ్లకు కాదనే వీలుంటుంది. వరస కలిపితే పరాయితనం పోతుంది. గాంధీనగర్‌లో ఇడ్లీకి పేరుపడ్డ హోటల్ పేరే బాబాయ్ హోటల్!

‘ప్లీజ్’ లాంటి మాట ఉన్న భాషల్లోనూ ఇంతే. స్పానిష్‌లో ‘పోర్ ఫబోర్’ అనే మాట ఉన్నా, భోజనాల దగ్గర “మె పాసాస్ లా సాల్?” అంటే చాలు. ఉప్పు అందిస్తావా అని. స్పెయిన్‌లో కాఫీ కొట్టుకెళ్లి “పోన్మె ఉన్ కఫే”, ఓ కాఫీ పెట్టు, అంటే ఎవరూ నొచ్చుకోరు. కొలంబియాలో మాత్రం “మె రెగాలా ఉన్ తింతో?” అంటారు. ఓ బ్లాక్ కాఫీ కానుకగా ఇస్తారా అని. డబ్బులు ఎలాగూ కట్టాల్సిందే.

అపోహ: ఏకవచనం అగౌరవం, బహువచనం గౌరవం.

ఇంద్రకీలాద్రి ఎక్కిన భక్తురాలు “తల్లీ, చల్లగా చూడు” అంటుంది కానీ “చూడండి” అనదు. చర్చిలో పరలోక ప్రార్థన తెలుగులోనైనా స్పానిష్‌లోనైనా దేవుణ్ణి ఏకవచనంలోనే వేడుకుంటుంది. పోనీ, వయసును బట్టి ఉంటుందా అంటే అదీ కాదు. కొడుకు వయసున్న అల్లుణ్ణి మామగారు “రండి, కూర్చోండి” అంటారు. కన్నతల్లిని మాత్రం “అన్నం పెట్టు” అంటాం.

అలాగని ఏకవచనమంతా చనువే అనుకుంటే అది ఇంకో అపోహ, మొదటిదానికన్నా చెడ్డది. డెల్టా పొలాల్లో తండ్రి వయసున్న కూలీని ఆసామి కొడుకు “ఒరేయ్, ఇటు రా” అని పిలవడం, ఆయన “చెప్పండయ్యా” అనడం చనువు కాదు, కులం. “నీళ్లు తే” అనే భర్త, “ఏవండీ, భోజనానికి రండి” అనే భార్య ఇద్దరూ ప్రేమగానే ఉండొచ్చు, కానీ సమానంగా లేరు. రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ అనే అమెరికన్ పరిశోధకులు యూరప్ భాషల్లోని నువ్వు–మీరుల మీద 1960లో రాసిన వ్యాసంలో తేల్చిందీ ఇదే. ఇద్దరూ ‘నువ్వు’ అనుకుంటే స్నేహం, ఒక్కరే అంటే అధికారం. కాబట్టి చూడాల్సింది ‘రా’ అన్నారా ‘రండి’ అన్నారా అని కాదు, అవతలివాళ్లు తిరిగి ‘రా’ అనగలరా అని.

అపోహ: ‘అండి’ అనే గోదావరివాళ్లే మర్యాదస్థులు, తెలంగాణవాళ్లది మోటు మాట.

గోదావరిలో “వచ్చానండి, తిన్నానండి” అంటూ మామూలు వాక్యానికీ ‘అండి’ తగిలిస్తారు, అంతే తేడా. తెలంగాణలో “జర కూసోండ్రి” అంటే మన “కాస్త కూర్చోండి” లాంటిదే. సీమలో “రాప్పా” అన్న పిలుపులో ఆప్యాయత ఎంతో ఉంటుంది. కోస్తాలో చదువుకున్నవాళ్ల భాష పత్రికలకెక్కి ప్రమాణమైంది కాబట్టి మిగతావి మన చెవికి మోటుగా తోస్తాయి. లోపం చెవిదే.

చివరిది స్పానిష్ నేర్చుకునేవాళ్లది. అపోహ: ఆజ్ఞకు ముందు ‘నో’ పెడితే వద్దని అర్థం.

‘బెనీర్’, అంటే రావడం, అన్న క్రియకు ఆజ్ఞ ‘బెన్’. ఇలా దారి తప్పినవి స్పానిష్‌లో ఎనిమిదున్నాయి. వచ్చుకు ‘రా’, తెచ్చుకు ‘తే’ చెప్పుకునే మనకు ఇది వింతేమీ కాదు. వద్దనాలంటే రూపమే మారాలి: ‘నో బెంగాస్’. మన ‘రా’ ‘రాకు’ అయినట్టే. ‘నో బెన్’ అంటే “వద్దు రా” అన్నట్టుంటుంది. పిలిచినట్టో పొమ్మన్నట్టో తెలియక అవతలి మనిషి గుమ్మంలోనే నిలబడిపోతాడు.